టీచరు గారి సైకిలుకు బ్రేకు రబ్బర్లు

సోమసుందరం గారిది భీమడోలు దాటి కొల్లేటి వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. చుట్టుపక్కల ఊళ్ళలో వ్రతాలూ గృహప్రవేశాలూ చేయించడం ఆయన పని. ఎక్కడికైనా సైకిలు మీదే వెళ్తారు. శ్రావణమాసంలో ఒక శుక్రవారం పొద్దున, సన్నగా తుంపర పడుతుండగా కాలవ వంతెన దిగుతూ ఆయన రెండు బ్రేకులూ నొక్కారు. సైకిలు ఆగలేదు. వంతెన కింద రోడ్డు కుడివైపు తిరుగుతుంది. సైకిలు తిరగలేదు. తిన్నగా వెళ్ళి వెంకట్రాజు గారి చేపల చెరువులో పడింది.

వెంకట్రాజు గారు గట్టు మీద నిలబడి చేపలకు మేత వేయిస్తున్నారు.

"లోతు లేదండీ పంతులు గారూ, నిలబడండి," అన్నారు.

సోమసుందరం గారు నిలబడ్డారు. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి.

"చేపలకేమైనా అయిందాండీ?" అని అడిగారు.

"ఏం కాలేదండీ. మేతనుకుని మీ చుట్టూ చేరి ఉంటాయి."

ఆ రోజు వరలక్ష్మీ వ్రతం తడి పంచెతోనే చేయించారు. అంత నిష్ఠగా చేయించే పంతులు గారిని చూడలేదని ఆ ఇంటివాళ్ళు అన్నారు. ఆయన కాదనలేదు.

ఇంటికి వచ్చాక భార్య జయశ్రీ గారు ఆయన్ని పైనుంచి కిందికి చూశారు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి, కిందటేడే రిటైరయ్యారు.

"బ్రేకులు పట్టలేదు జయా," అన్నారాయన.

"పట్టవు," అని ఆవిడ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళారు.

ఎందుకు పట్టవో ఆయన అడగలేదు. అది షాపువాళ్ళని అడగవలసిన సంగతి అనుకున్నారు.

తాడేపల్లిగూడెంలో ఒక వ్రతానికి వెళ్ళినప్పుడు సైకిల్ షాపు కనబడితే ఆగారు.

"బ్రేకు రబ్బర్లు కావాలండీ."

"ఏ సైకిలుకండీ?"

"పాతది."

"పాతదంటే?"

"నల్లది."

షాపతను కాసేపు ఆలోచించి పొడుగాటి రబ్బర్లు తీశాడు. గేర్ల సైకిళ్ళకు వేస్తారని, అక్కడి కాలేజీ పిల్లలు ఇవే కొంటారని చెప్పాడు. కాలేజీ పిల్లలు చదువుకున్నవాళ్ళు కదా అని సోమసుందరం గారు కొనేశారు. ఇంటికి వచ్చి ఆయనే బిగించుకున్నారు. ఆ పాత బ్రేకుకు అవి మరీ పొడుగు. రబ్బరు చివర రిమ్ముకు కాక టైరుకు రాసుకుంటోంది. ఆయన అది గమనించలేదు. సైకిలు బాగా ఆగుతోందని సంతోషించారు. మర్నాడు భీమడోలు రైల్వే గేటు దగ్గర బోలెడుమంది రైలు కోసం ఆగి ఉండగా, అరిగిపోయిన టైరు ఢామ్మని పేలింది. అందరూ తలలు వంచి కూర్చున్నారు.

"కంగారు పడకండి, నాదేనండీ," అన్నారాయన.

టైరు మార్పించి, ఈసారి ఏలూరు వెళ్ళారు. అక్కడ పొట్టి రబ్బర్లు దొరికాయి. ఒక్కో రబ్బరు ఒక రేకు తొడుగులో కూర్చుని ఉంది. తొడుగుకు ఒక చివర మూసి ఉంది, రెండో చివర తెరిచి ఉంది. చూడ్డానికి బాగుందని తెరిచిన చివర ముందువైపుకు పెట్టి బిగించారు. వంతెన దిగుతూ బ్రేకు నొక్కగానే చక్రం రబ్బర్లను ముందుకు లాక్కుంది. అవి తొడుగుల్లోంచి జారి రోడ్డు మీద పడ్డాయి. ఆయన చెప్పులు రోడ్డుకు ఆనించి, ఈడ్చుకుంటూ వెళ్ళి చెరువు గట్టు మీద పేర్చిన మేత బస్తాలకు గుద్దుకుని ఆగారు.

వెంకట్రాజు గారు ఆయన్ని లేపి, దుమ్ము దులిపి, మంచినీళ్ళిచ్చారు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండేం. ఈ సైకిలు టీచరు గారిది కదండీ?"

"అవునండీ."

"ఆవిడ ఇదే వంతెన రోజూ దిగేవారండీ, వానాకాలం కూడాను. మా చెరువు వైపు ఒక్కనాడూ రాలేదు. ఆవిణ్ణి అడిగారా?"

సోమసుందరం గారు మంచినీళ్ళు తాగి గ్లాసు తిరిగిచ్చేశారు. తర్వాత సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వెళ్ళారు. జయశ్రీ గారు వరండాలో చిక్కుడుకాయలు బాగు చేస్తున్నారు. ఆయన ఎదురుగా కూర్చున్నారు.

"ఏ రబ్బర్లు వెయ్యాలో నీకు తెలుసుట కదా."

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"మీరు అడగలేదు." ఆవిడ చిక్కుడు ఈనె తీసి పక్కన పడేశారు. "నేను రిటైరయిన మర్నాడు, ఇక నీకు సైకిలెందుకని తీసుకెళ్ళిపోయారు. అదీ అడగలేదు."

ఆయనకు ఆ రోజు గుర్తుంది. సైకిలు ఊరికే పడి ఉండడమెందుకని తీసుకెళ్ళారు. స్కూలు లేకపోతే ఆవిడకు వెళ్ళే చోటు ఉండదనే ఆయన అనుకున్నారు. ఇప్పుడా మాట పైకి అనబోయి, ఎలా వినిపిస్తుందో తోచి మానేశారు. ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీయడం మొదలుపెట్టారు. ఆవిడ ఆ కాయని మళ్ళీ తీసుకుని సరిగ్గా తీశారు.

"రేపు పాసింజరుకు ఏలూరు వెళ్దాం," అన్నారావిడ. "మొదట తీసేసిన పాత రబ్బరొకటి జేబులో వేసుకోండి."

షాపులో ఆవిడ పాత రబ్బరు బల్ల మీద పెట్టారు.

"దీని పొడుగే ఉండాలండీ. బోల్టు కూడా ఇదే లావు. మాది స్టీలు రిమ్ము. తడిస్తే గట్టి రబ్బరు జారిపోతుంది, మెత్తది చూపించండి."

షాపతను కొన్ని తెచ్చాడు. ఆవిడ ఒక్కోదాన్నీ గోటితో నొక్కి చూశారు. గోరు దిగనివి పక్కకు నెట్టేశారు. గోరు కాస్త దిగిన జత తీసుకున్నారు. సోమసుందరం గారు తన గోటితో కూడా నొక్కి చూసి, తల ఊపారు.

ఇంటికి వచ్చాక ఆవిడ రిమ్ములు సబ్బునీళ్ళతో కడిగించారు. కడిగింది ఆయనే. తొడుగుల మూసిన చివర ముందుకు పెట్టి, రబ్బరు టైరుకు తగలకుండా రిమ్ము మీదే ఆనేలా చూసి, ఆవిడే నట్లు బిగించారు.

"ఇక నేను అలా వెళ్ళొస్తాను," అని ఆయన హ్యాండిలు మీద చెయ్యి వేశారు.

"ముందు నేను," అన్నారావిడ.

తుంపర పడుతోంది. ఆవిడ కొంగు దోపుకుని ఎక్కారు. ఆయన గొడుగు పట్టుకుని వెనకాల గబగబా నడిచారు. వంతెన మీద నుంచి ఆవిడ దిగడం చూసి గట్టు మీద వెంకట్రాజు గారు లేచి నిలబడ్డారు. సైకిలు నిదానించింది. మలుపు దగ్గర ఆగింది. ఆవిడ ఒక కాలు కింద పెట్టి, "బాగున్నారా అండీ?" అని వెంకట్రాజు గారిని పలకరించారు.

"ఆయ్, బాగున్నామండీ."

ఇంక వెనక్కి తిప్పుతుందనుకున్నారు సోమసుందరం గారు. ఆవిడ కుడివైపు తిరిగి, కైకలూరు రోడ్డు మీద వెళ్ళిపోయారు. సాయంత్రం దీపాల వేళకు తిరిగొచ్చారు. తనతో పని చేసిన ప్రభావతి గారింటికి వెళ్ళానని, ఆవిడ పులిహోర పెట్టిందని చెప్పారు. ముఖం కళకళలాడుతోంది. ఆయనకు ఆ ముఖం చూసి చాలా కాలమైనట్టనిపించింది.

రాత్రి భోజనాల దగ్గర సోమసుందరం గారు కాస్త తటపటాయించి అడిగారు.

"ఎల్లుండి నాకొక గృహప్రవేశం ఉంది జయా. సైకిలు ఇస్తావా?"

"ఎన్నింటికి తెస్తారు?"

"పదకొండింటికల్లా తెచ్చేస్తాను."

ఆవిడ మజ్జిగ పోస్తూ ఆలోచించారు.

"పదిన్నరకు తెండి," అన్నారు.