ఆయన లేరండి

యుద్ధం రోజుల్లో నూలు మీద కంట్రోలు పెట్టారు. మంగళగిరి పక్కనున్న మా చిన్న ఊరికి నెలకు ఇన్ని కట్టలని తేల్చేశారు. మగ్గాలు ఎన్నున్నా కట్టలు అన్నే. నలభై మగ్గాలున్నప్పుడు నెలకు పది రోజులు కూడా పని దొరకలేదు. జనం బెజవాడ గూడ్సు షెడ్డులో బస్తాలు మోయడానికి వలసపోయారు. ఒక ఇల్లు ఖాళీ అయితే ఆ ఇంటి నూలు కార్డు కొట్టేసేవారు. నేసేవాడు కాళ్లు దించుకునే మగ్గం గుంటను మేమే మట్టితో పూడ్చి, ఆ వాటా పంచుకునేవాళ్లం. మొదట్లో వెళ్లేవాళ్ల బండి వెనక ఏడుస్తూ పొలిమేర దాకా నడిచాం. ఇరవై ఆరు మగ్గాలకు వచ్చేసరికి, ఈసారి ఎవరు పోతారా అని ఎదురుచూడటం మొదలుపెట్టాం. సిగ్గుమాలిన మాటే, కానీ నిజం.

మా పక్కింటి ఏడుకొండలు మాత్రం కదలనన్నాడు. నూలు అయిపోగానే బెజవాడ వెళ్లి పదిహేను రోజులు బస్తాలు మోసేవాడు. కొత్త నూలు వచ్చేనాటికి తిరిగొచ్చి మగ్గంలో కూర్చునేవాడు.

"బస్తాలు ఎవడైనా మోస్తాడన్నా. మా నాయన తవ్విన గుంట పూడ్చుకోమంటే నా వల్ల కాదు" అనేవాడు నాతో.

అతను బెజవాడలో ఉండగా నూలు ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఏడుకొండలు భార్య పున్నమ్మ అప్పుడే తలంటుకుంది. తడి జుట్టుతో, ఇంకా బొట్టయినా పెట్టుకోకుండా గుమ్మంలోకి వచ్చింది.

"ఏడుకొండలు ఇల్లు ఇదేనా? ఏడీ అతను?"

"ఆయన లేరండి" అంది పున్నమ్మ తల వంచుకుని.

ఊళ్లో లేరని ఆమె ఉద్దేశం. ఆఫీసరు ఆమె ఖాళీ నుదురు చూసి, "అయ్యో పాపం" అంటూ కాగితం మీద పేరు కొట్టేశాడు. ఆమెకేమీ తెలియలేదు. పక్కనే నిలబడ్డ కులపెద్ద ఆదిశేషయ్యగారికీ, నాకూ తెలిసింది. ఆయన నా వైపు చూశాడు. నేను చూరు వైపు చూశాను. భయంతో నోరు పెగల్లేదని చెప్పుకోవచ్చు గానీ, అది అబద్ధం. ఒక వాటా మిగులుతుందని నా బుర్రకు అప్పటికే తట్టింది.

నూలు పంచిన రోజు ఏడుకొండలు పేరు పిలవలేదు. సంగతి తెలిసి అతను ఆదిశేషయ్యగారి కాళ్లు పట్టుకున్నాడు.

"నేను బతికే ఉన్నానని ఒక్క మాట చెప్పండి పెదనాన్నా."

"ఇప్పుడెట్టా చెప్పేదిరా? చచ్చాడని రాస్తుంటే ఊరుకుని, ఇప్పుడు బతికున్నాడంటే అందరం దొంగలమని కార్డులన్నీ లాక్కుంటారు. నీ ఒక్కడి కోసం పాతిక కొంపలు ఆర్పమంటావా? నీకూ నీ పెళ్లానికీ మా అందరి మగ్గాలకూ నూలు కండెలు చుట్టే పని ఇప్పిస్తాలే. ఈసారి తనిఖీకొచ్చిన నాడు మాత్రం అమ్మాయిని బొట్టు తీసేసి నిలబడమను."

ఏడుకొండలు నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వయినా చెప్పు."

చెప్పాను. "పిల్లల మొహం చూసి ఒప్పుకోరా" అని చెప్పాను. గుంట పూడ్చడానికి పార తెచ్చిందీ నేనే.

మళ్లీ తనిఖీ రోజున పున్నమ్మ కొంగుతో నుదురు తుడుచుకుని గుమ్మంలో నిలబడింది. ఏడుకొండలు అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాడు.

"నువ్వెవరోయ్?" అన్నాడు ఆఫీసరు.

"కండెలు చుట్టే కూలోణ్ణండి."

"ఈ ఇంటాయన నీకేమవుతాడు?"

రాట్నం ఆగలేదు. "ఈ ఇంటాయన లేడండి" అన్నాడు ఏడుకొండలు.

మర్నాడే మొగుడూ పెళ్లాం పిల్లలతో బెజవాడ బండెక్కారు. మా ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని పరిగెత్తింది, బోసి నుదుటితో ఊరు దాటొద్దని.

"ఎవరి పేరు చెప్పుకుని పెట్టుకోమంటావక్కా?" అంది పున్నమ్మ, మొగుడి పక్కనే కూర్చుని.

అతని వాటా పాతిక మగ్గాలకు పంచగా, నా మగ్గం నెలకు ఒక పూట ఎక్కువ ఆడింది.