నటరాజు కుడికాలు

ద్వారకా నగర్‌లోని ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ పనికి చేరిన తొమ్మిదో రోజున తాయారు నటరాజుని తోమింది. ఎవరూ తోమమనలేదు. రిసెప్షన్ పక్కన నిలువెత్తు ఇత్తడి విగ్రహం, చుట్టూ మంటల వలయం, కుడికాలి కింద మరుగుజ్జు రాక్షసుడు. ఒళ్లంతా నల్లగా ఉండి, నగల అంచుల్లో మాత్రం ఇత్తడి రంగు కనిపించేది. కార్తీకమాసం మొదలవడానికి ఇంక రెండు రోజులే ఉంది. దేవుడు అలా మసిబారి ఉంటే బకెట్ పట్టుకుని పక్కనుంచి తిరగడానికి ఆమెకి మనసొప్పలేదు. వంటగదిలో చింతపండూ ఉప్పూ అడిగి తెచ్చుకుంది. చీపురుపల్లి దగ్గర వాళ్ల ఊళ్లో బిందెలైనా కుందులైనా ఆమె చేతిలో పడితే తళతళలాడాల్సిందే.

కుడికాలూ రాక్షసుడి వీపూ మెరిసేసరికి సూపర్‌వైజర్ గుణశేఖర్ వచ్చాడు. చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"మాసిపోనాదని తోమినాను సార్," అంది తాయారు.

"మాసిపోడం కాదు. ఆ నలుపు కావాలనే వేయించారు."

కొత్త విగ్రహం పాతదానిలా కనబడాలని నలుపు పూస్తారన్న సంగతి ఆమె అప్పుడే విన్నది. సోమవారం ఓనర్ వస్తాడనీ, ఆలోగా ఇది బాగుపడకపోతే పనిలోకి రానక్కర్లేదనీ చెప్పి అతను వెళ్లిపోయాడు.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. పోయినేడు దీపం కుందికి కాలు విరిగితే ఈ సిటీలోనే పాతూళ్లో ఇత్తడిపని చేసే కరీం బాషా అనే ముసలాయన అతికిచ్చాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగగానే ఆటో ఎక్కి ఆయన కొట్టుకి పోయి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన విని, సంచి సర్దుకుని, వెంట వచ్చాడు.

వచ్చి ముందు నలుపు ఊసే ఎత్తలేదు. గోరువెచ్చటి నీళ్లడిగి, మెత్తటి బ్రష్షుతో సందుల్లో చిక్కుకున్న పులుసూ ఉప్పూ కడిగించాడు. ఉప్పు లోపలుండిపోతే సముద్రం గాలికి నాలుగు రోజుల్లో చిలుమెక్కుతుందని చెప్పాడు. పొడిగుడ్డతో తుడిచాక హెయిర్ డ్రయర్ తెప్పించి తడి చుక్క లేకుండా ఆరబెట్టించాడు. తరవాత పీఠం వెనక్కి వెళ్లి కూర్చుని, గోటితో గీకి, గుణశేఖర్‌ని పిలిచాడు. గోటి నిండా ఆకుపచ్చటి పొడి.

"ఇది ఈయమ్మ తోమినందుకొచ్చింది కాదు బాబూ. శానా నెలలదిది. నేల తుడిసే నీళ్లలో యాసిడ్ కలుపుతన్నారా?"

టైల్స్ మీద మరకలు పోవడం లేదని యాసిడ్ కలపమన్నది గుణశేఖరే. ఆ నీళ్లు రోజూ పీఠం మీద చిందుతున్నాయి. ఇంకో రెండేళ్లయితే పీఠానికి చిల్లు పడేదని బాషా మెల్లిగానే చెప్పాడు. తాయారు నేలకేసి చూస్తూ నిలబడింది గానీ, పొద్దున్నించీ గుండెల మీదున్న బరువు దిగినట్టయింది.

మర్నాడు బాషా చిలుమంతా గీకి, మందు రాసి కాలినీ రాక్షసుడి వీపునీ నల్లబరిచాడు. ఎత్తుగా ఉన్నచోట గుడ్డతో రుద్ది ఇత్తడి తేల్చి, పైన పల్చగా మైనం పట్టించాడు. అయినా కొత్త నలుపు పాతదాంతో పూర్తిగా కలవలేదు.

"కలవడానికి టైం పడతాది," అన్నాడు. "ఇంక దీనికి నీళ్లొద్దు, సింతపండొద్దు. పొడిగుడ్డ, సందుల్లోకి బ్రష్షు. ఆర్నెల్లకోసారి మైనం. ఇంట్లో కుందులు నీ ఇష్టమొచ్చినట్టు తోముకో."

గుణశేఖర్ క్షమాపణేమీ చెప్పలేదు. యాసిడ్ మాత్రం మాన్పించి, డ్యూటీ చార్టులో విగ్రహం ఎదురుగా తాయారు పేరు రాశాడు.

సోమవారం ఓనర్ ఫోన్లో మాట్లాడుకుంటూ నటరాజు పక్కనుంచే నడిచి, ఏసీ సరిగా పనిచెయ్యట్లేదని చెప్పి లిఫ్టెక్కేశాడు. హమ్మయ్య అనుకుంది తాయారు. కాసేపటికి కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. ఇంత చేస్తే కాలికేసి ఒక్కసారైనా చూడలేదు ఆ మనిషి. బ్రష్షు తీసుకుని మంటల సందులు ఒక్కొక్కటిగా దులిపి, కిందికి వంగి రాక్షసుడి మొహం కూడా తుడిచింది.