ఏడుపుకి మార్కులు

మా కోర్సులో ఏడిస్తే డెబ్బై, గొంతు జీరపోతే అరవై, కళ్ళు తడవకపోతే నలభై లోపు. ఈ లెక్క ఏ కాగితం మీదా ఉండదు. అయినా ఆరు నెలలు తిరిగేసరికి తొమ్మిదిమందికీ కంఠతా వచ్చేసింది.

సైకాలజిస్టులం కాబోతున్నాం మేము. మా దేశ రాజధాని లుసాకాలో, రెండేళ్ళ చదువు. నా పేరు ఎజెలీనా జేరే. చిపాటాలో పదిహేనేళ్ళు నర్సుగా చేసి, నలభై ఒకటో ఏట సెలవు పెట్టి పుస్తకాలు పట్టుకున్నాను. క్లాసులో మిగతావాళ్ళంతా నన్ను అక్కా అంటారు. నా నోరు మంచిది కాదని కూడా అంటారు. రెండూ నిజమే.

ప్రతి గురువారం తొమ్మిదింటికి సర్కిల్. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చోవాలి. ఒక్కొక్కళ్ళూ బతుకులో ఏది దాచుకున్నారో అది బయటపెట్టాలి. డాక్టర్ కసొండే చేతుల కుర్చీలో కూర్చుని, ఆకుపచ్చ అట్ట నోటుబుక్కులో రాసుకుంటాడు. ఆ నోటుబుక్కులోంచే మార్కులు. మాకు పాఠం చెప్పేదీ ఆయనే, మా గోడు వినేదీ ఆయనే, మా తలరాత రాసేదీ ఆయనే.

ఆయన చెడ్డవాడని నేననను. తాను తెరుచుకోనివాడు ఇంకొకరిని తెరవలేడని ఆయన గట్టి నమ్మకం. ఎక్కడో పైదేశంలో చదువుకునే రోజుల్లో ఇలాంటి సర్కిల్లోనే తండ్రిని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడట, ఆ రోజే మనిషినయ్యానంటాడు. తనకి పడిన మందే అందరి నోట్లోనూ పోస్తున్నాడు. ఒకరికి పడిన మందు ఇంకొకరికి ఒళ్ళంతా దద్దుర్లు తెప్పించడం నేను వార్డులో ఎన్నిసార్లు చూశానో.

పైగా ఆయన నాకు బావ వరస. ఆయనది బెంబా తెగ, నాది ఎంగోనీ. ఒకప్పుడు మా తాతలూ వాళ్ళ తాతలూ నరుక్కున్నారు, నరుక్కుని నరుక్కుని అలిసిపోయి వరస కలుపుకున్నారు. అప్పట్నించీ బెంబా కనబడితే ఎంగోనీ, ఎంగోనీ కనబడితే బెంబా ఎంత మాటైనా అనొచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. మొదటిరోజు హాజరు పిలుస్తూ నా ఇంటిపేరు చూడగానే ఆయన మొహం చేటంత అయింది. ఎలుకలు కాల్చుకు తినే మరదలొచ్చింది, కన్నాలు జాగ్రత్తర్రా అన్నాడు. కోతుల్ని వండుకునే బావ ఉన్న చోట కన్నాలకేం భయం, చెట్లకే భయం అన్నాను. క్లాసంతా నవ్వింది. అక్కడిదాకా బాగానే ఉంది.

సర్కిల్లో మాత్రం నేను నోరు విప్పలేదు. నాకు లేక కాదు, లేనివాళ్ళెవరు? దాన్ని చెప్పుకోవలసిన మనిషికి, తలుపు వేసుకుని, ఎప్పుడో చెప్పుకున్నాను. ఆ మనిషి నాకు మార్కులు వెయ్యలేదు. మీకూ చెప్పను, మీరూ అడక్కండి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మ ఊరికే అనేది కాదు. నా వంతు వచ్చినప్పుడల్లా ఈ వారం నా దగ్గరేమీ లేదు సార్ అనేదాన్ని. ఆయన తలాడించి రాసుకునేవాడు. ముప్ఫై ఎనిమిది.

సిటాలి అనే లోజీ తెగ కుర్రాడికి అలాంటి మార్కులు చాలలేదు. అందుకని తమ్ముణ్ణి చంపేశాడు. వరదల్లో పడవ తిరగబడిందనీ, చెయ్యి అందినట్టే అంది జారిపోయిందనీ చెప్పి చెప్పి, చివరికి తన అబద్ధానికి తానే నిజంగా ఏడ్చాడు. ఎనభై రెండు. మూడు వారాలు తిరక్కుండానే ఆ తమ్ముడు వేరుశెనక్కాయల బస్తా భుజాన వేసుకుని, అన్నయ్య ఉన్నాడా అంటూ క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. మేం నవ్వాపుకోలేక బల్లల కింద తలలు దూర్చాం. మార్కులు మాత్రం తగ్గలేదు. కల్పించుకున్న దుఃఖం కూడా దుఃఖమే అన్నాడట కసొండే. ఆ వేరుశెనక్కాయలు వారం పాటు అందరం తిన్నాం.

అబద్ధం చేతకానిది చోల్వే ఒక్కతే. ఇరవై నాలుగేళ్ళ టోంగా పిల్ల. మా వాళ్ళందరిలోకీ రోగి మాట ఓపిగ్గా వినేది అదే, పరీక్షల్లో మొదట నిలబడేదీ అదే. ఆగస్టులో ఒక గురువారం దాని వంతు వచ్చింది. పద్దెనిమిదో ఏట తల్లి పోయిందనీ, దాంతో మాట పడిపోయిందనీ, రెండు నెలలు పిచ్చాసుపత్రిలో ఉండి వచ్చాననీ చెప్పింది. అక్కడ ఒక ముసలి డాక్టరమ్మ రోజూ పక్కన ఊరికే కూర్చునేదట. నేనూ అలా ఒకళ్ళ పక్కన కూర్చోవాలని ఈ చదువుకొచ్చాను అంది. కసొండే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తొంభై ఒకటి, క్లాసులో ఎవరికీ రానన్ని.

అక్టోబరుకల్లా ఆ తొంభై ఒకటే దాని మెడకి చుట్టుకుంది. రెండో ఏటికి లెక్కగట్టే ఆసుపత్రి పని ఆ నెలలోనే మొదలవుతుంది. ఎవరు పనికొస్తారో ఎవరు పనికిరారో ఆ వారం శుక్రవారం మాస్టర్ల కమిటీ తేలుస్తుంది. పనికిరారంటే చదువు అక్కడితో సరి. సోమవారం కసొండే చోల్వేని గదికి పిలిపించాడు. నీ మంచికే చెబుతున్నానన్నాడు. రోగిగా పడుకున్న చోటికి డాక్టరుగా వెళ్తే నువ్వు తట్టుకోలేవన్నాడు. నోటుబుక్కులో ఉన్నది కమిటీ ముందు పెట్టక తప్పదన్నాడు.

హాస్టల్లో చోల్వే మొక్కజొన్న న్షిమా ముద్ద చేత్తో పట్టుకుని నోట్లో పెట్టుకోకుండా కూర్చుంది. "ఆయన నన్ను బలవంతపెట్టలేదక్కా. నేనే చెప్పాను" అంది.

"ఏడిస్తే డెబ్బై అని తెలిసిన చోట ఇంకా బలవంతం వేరే ఎందుకే?" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. దాని ముద్ద చల్లారిపోయింది.

మంగళవారం ఆయన గదికి వెళ్ళాను. ఆ రోజు బావా లేదు, మరదలూ లేదు. సార్ అనే మొదలుపెట్టాను. చేతిలో మా కోర్సు ప్రాస్పెక్టస్. దరఖాస్తు పెట్టేముందు మూడుసార్లు చదివినదాన్ని. అందులో పాఠాలున్నాయి, పరీక్షలున్నాయి, హాస్టల్ గదిలో ఇస్త్రీపెట్టె వాడకూడదన్న నియమం కూడా ఉంది. సొంత గుట్టు విప్పితేనే పాసు అని ఒక్క ముక్క లేదు. చేరకముందే ఆ మాట చెబితే చేరాలో వద్దో మేమే తేల్చుకునేవాళ్ళం కదా అన్నాను. చెప్పుకోవాలన్నవాళ్ళకి బయటి మనిషిని ఎవరినైనా పెట్టండి, మార్కులు వేసే చెయ్యి మాత్రం అందులో ఉండకూడదన్నాను. వార్డులో రోగి ఒంటి మీద గుడ్డ తొలగించాలంటే ముందు తెర లాగుతాం, అడుగుతాం, వద్దంటే ఆగుతాం. చోల్వేకి తెర ఎవరు లాగారు అని అడిగాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, దీన్నే ప్రతిఘటన అంటారు ఎజెలీనా అన్నాడు. నీ లోపల ఏదో భయం ఉంది, అదే నీ చేత ఇలా మాట్లాడిస్తోంది అన్నాడు. ఇక నేనేం చెప్పను? కాదంటే అదిగో చూశావా అంటాడు, ఔనంటే నేను చెప్పలేదా అంటాడు. శాఖ పెద్దకి ఉత్తరం రాసిచ్చాను. బుధవారం సాయంత్రానికల్లా జవాబు వచ్చింది, రెండే రెండు లైన్లు. గురువుల పట్ల గౌరవం అలవరచుకోవాలట.

గౌరవమట గౌరవం. సరే, గౌరవంతో పనిలేని దారి నాకొకటి ఉండనే ఉంది.

మా నాన్న పోయినప్పుడు మా పక్కింటి బెంబా ఆయన, శవం ఇంట్లోంచి లేవకముందే వెళ్ళి తవ్విన గోతిలో పడుకున్నాడు. ఎలుకలు తినేవాడికి ఇంత గొయ్యెందుకు, కలుగు చాలదా అని లోపల్నుంచి కేకలు. మూడు రోజులుగా మాటాపలుకూ లేని మా అమ్మ పక్కున నవ్వింది. నవ్విన తరవాతే ఏడ్చింది. కోడిని తెచ్చి చేతికిచ్చేదాకా ఆయన పైకి రాలేదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. వరసైనవాళ్ళు గోతిలో దిగితే అడిగింది ఇచ్చి లేపాలి. ఇచ్చింది మళ్ళీ అడక్కూడదు. మాకు అది రాసుకోనక్కర్లేని చట్టం.

గురువారం ఎనిమిదిన్నరకే వెళ్ళి ఆయన చేతుల కుర్చీలో కూర్చున్నాను. చావింటికి వెళ్ళే ఆడవాళ్ళలా నడుముకి చితెంగే గుడ్డ బిగించి, తలకి గుడ్డ కట్టుకున్నాను. ఒక్కొక్కళ్ళే వచ్చి, నన్ను చూసి, మాట్లాడకుండా తమ తమ కుర్చీల్లో సర్దుకున్నారు. చోల్వే తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. తొమ్మిదింటికి కసొండే వచ్చాడు, చంకలో ఆకుపచ్చ పుస్తకం. అది నా కుర్చీ అన్నాడు.

"కుర్చీ కాదు బావా, గొయ్యి. మీరు పోయారని కబురొస్తే వచ్చి దిగాను" అన్నాను.

"ఎవరు పోయారు?"

"మాకు పాఠం చెప్పిన కసొండే గారు. మంచివాడే పాపం. రెండు చెవులుండగా మూడో చెవి అని ఒక పుస్తకాన్ని పెంచుకున్నాడు. అదే మింగేసింది."

సిటాలి ముందు నవ్వాడు, తరవాత అందరూ. ఆయన కూడా నవ్వాడు, నవ్వక తప్పుతుందా, వరస. సరే నవ్వాం, ఇక లేవమ్మా మరదలా, కోడి కావాలా అన్నాడు. కోళ్ళు మీ ఇళ్ళల్లో ఎక్కడివి బావా, ఉన్నవి కోతులే కదా అన్నాను. ఆ చంకలోది ఇస్తే లేస్తాను అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఆయన గొంతు మారింది. ఇది పరిహాసం కాదు, క్రమశిక్షణ అన్నాడు. నీ ఏడాది పోతుందన్నాడు. వాచ్‌మన్‌ని పిలుస్తానన్నాడు. పిలవండి అన్నాను. నలభై ఒక్కేళ్ళదాన్ని, సెలవు అయిపోతే మళ్ళీ ఇవ్వరు. అయినా కుర్చీ చేతులు వదల్లేదు.

అప్పుడే చొంబావాళ్ళమ్మ టీ పళ్ళెంతో వచ్చింది. మా శాఖలో గదులు ఊడ్చేదీ, టీ కాచేదీ ఆవిడే. కసామా పక్క పల్లెటూరు, అరవై దాటిన బెంబా మనిషి. నా తలగుడ్డ చూసింది, చితెంగే చూసింది, నేను కూర్చున్న కుర్చీ చూసింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పళ్ళెం కింద పెట్టి, పెద్దవాళ్ళ ముందు కూర్చున్నట్టు మోకాళ్ళ మీద కూర్చుని, మా వాళ్ళు దండం పెట్టే తీరులో మెల్లగా చప్పట్లు కొట్టింది.

"నాయనా, మరదలు గోతిలో దిగింది. తిట్టకూడదు. అడిగింది ఇచ్చి లేపుకోవాలి" అంది.

"ఇది క్లాసమ్మా. చావిల్లు కాదు" అన్నాడు కసొండే.

"మరి గురువారం గురువారం ఈ పిల్లలు కళ్ళు వాచిపోయి బయటికొస్తారెందుకు? ఈ గది ఊడ్చేది నేనే కదా. బుట్టనిండా ముక్కులు తుడుచుకున్న కాగితాలే. చావింట్లో కూడా ఇన్ని పోగవవు."

చోల్వే లేచి నిలబడింది.

"సార్, నేను మీకు చెప్పుకున్నాను. కమిటీకి చెప్పుకోలేదు" అంది.

ఆయన దాని వంక చూశాడు. చిన్నప్పుడు తానూ ఎవరి ముందో అలా నిలబడిన సంగతి గుర్తొచ్చిందో, చొంబావాళ్ళమ్మలో తన తల్లే కనిపించిందో నాకు తెలీదు. ఊహించి చెబితే నేనూ ఆయనలాంటిదాన్నే అవుతాను. చంకలోంచి పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టాడు.

చొంబావాళ్ళమ్మ ఇంకా లేవలేదు. పుస్తకంతోపాటు అందులో ఉన్నదీ ఇచ్చినట్టేనంది. రేపు ఏ గదిలోనైనా అది నోట్లోంచి జారితే, వరసకిచ్చింది వెనక్కి లాక్కున్నట్టేనంది. తెలుసు అమ్మా అన్నాడు ఆయన. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

నేను కుర్చీలోంచి లేచాను. పుస్తకంలో ఒక్క వాక్యం చదవలేదు. పేజీల పైన పేర్లు మాత్రం చూసి, చింపి, మడిచి ఎవరివి వాళ్ళ చేతిలో పెట్టాను. సిటాలి తన కాగితం తమ్ముడికి పంపిస్తానన్నాడు, వాడి చావు వాడే చదువుకుని ఏడుస్తాడట. చోల్వే తనది జాకెట్లో దోపుకుంది. చివరికి నా కాగితాలు మిగిలాయి. వాటిని మాత్రం చదివాను. వారం వారం తేదీ, కింద మాట్లాడలేదు అని ఒక్క ముక్క.

శుక్రవారం కమిటీలో చోల్వే పరీక్ష పేపర్లు చూశారు, అంతే. కసొండే పెదవి విప్పలేదట. సోమవారం అది ఆసుపత్రికి వెళ్ళింది. మొదటిరోజు ఏం చేశావే అని అడిగితే, ఒకామె పక్కన ఊరికే కూర్చున్నానక్కా అంది. నాకు కన్నీళ్ళొచ్చాయి. మార్కులు వేసేవాళ్ళెవరూ లేరు కాబట్టి హాయిగా ఏడ్చాను.

నన్ను మాత్రం కమిటీ మొదటి ఏడు మళ్ళీ చదవమంది. కారణం, ప్రవర్తన. సెలవు పొడిగించమని చిపాటా వెళ్ళి పెద్ద నర్సమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆవిడా ఎంగోనీయే, కథంతా విని నవ్వలేక చచ్చి, సంతకం పెట్టింది.

ఫిబ్రవరిలో కొత్త క్లాసు. కొత్త ప్రాస్పెక్టస్‌లో వెతికాను, సర్కిల్ గురించి ఈసారీ ఒక్క ముక్క లేదు. టైంటేబుల్లో మాత్రం గురువారం తొమ్మిది గంటలు అలాగే ఉంది. కుర్చీలు గుండ్రంగానే వేసి ఉన్నాయి, చేతుల కుర్చీ దాని చోట్లో అదే. దాని ముందు చిన్న బల్ల మీద కొత్త నోటుబుక్కు, ఈసారి ఎర్ర అట్ట. కొత్త పిల్లలు పదకొండుమంది భయం భయంగా కూర్చున్నారు. కసొండే హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగాడు.

"మళ్ళీ వచ్చావా మరదలా?"

నేను సంచిలోంచి చితెంగే తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"వచ్చాను బావా. గొయ్యి ఇంకా పూడ్చలేదని తెలిసింది."

ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు, ఎలా కోప్పడతాడు? ఎర్ర పుస్తకం తీసి సొరుగులో పెట్టి, తరవాతి పేరు పిలిచాడు.