ఫీజు పెట్టెలో కంచె తీగ

నారాయణమ్మ కొడవలి ఒళ్లో పెట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. తలకి పైన ఇనప పెట్టె, అందులో ఫీజులు, పక్కనే లైనంతటికీ కరెంటు ఆపే స్విచ్చు పిడి. ఆ స్తంభం ఉన్నది బావగారి పొలంలో. బావగారంటే మొగుడు అప్పలసూరికి అన్న నరసింగరావు. ఆ మహానుభావుడికి ఎదురుపడి ఆవిడ ఏనాడూ మాటాడి ఎరగదు. ఆ ఇళ్లలో మరదళ్ల పద్ధతి అది. చెప్పాల్సిన మాట ఉంటే గోడకో గేదెకో చెప్పేది, ఆయనా గోడకే జవాబిచ్చేవాడు. ఇవాళ ఆ మర్యాద తగలెయ్య!

తగలెయ్యక ఏం చేస్తుంది? ఇక్కణ్ణించి లైను పొలాలకి అడ్డంగా పడి, తాటితోపు దాటి, కంటికి ఆననంత దూరం పోయి నారాయణమ్మ బావి దగ్గర ఆగుతుంది. మొన్న ఆషాఢపు గాలికి ఆ చివర తీగలు ఒకదాన్నొకటి రాసుకుని, ఒకటి తెగి గట్టు మీద పడింది. పడగానే ఫీజు మాడి కరెంటు పోవాలి. పోలేదు. గట్టున మేస్తున్న ఎద్దు ఆ తీగ మీద కాలేసింది. పాలు తాగే దూడగా ఉన్నప్పట్నించీ ఆవిడ చేతిమీద పెరిగిన ఎద్దు.

ఎందుకు మాడలేదయ్యా అంటే, తన రెండు మోటార్లూ ఒక్కసారి వేసినప్పుడల్లా ఫీజు పోతోందని నరసింగరావుకి విసుగు పుట్టింది. పెట్టె తాళం విరగ్గొట్టి, ఫీజులోని సన్న తీగ పీకేసి, అరటితోట కంచెకి మిగిలిన లావు తీగ చుట్టేశాడు. కరెంటొచ్చి రెండేళ్లన్నా కాలేదు, అప్పుడే దొరగారికి అన్నీ తెలిసిపోయాయి.

లైన్‌మన్ లక్ష్ముడు ఈ ఉదయం కోటబొమ్మాళి నుంచి సైకిలు మీద వచ్చాడు. నారాయణమ్మకి స్వయానా తమ్ముడు, అక్కని అప్ప అంటాడు. పెట్టె తెరిచి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"లైను పొడుగయ్యే కొద్దీ ఆ సివర తగిలిన దెబ్బ ఇక్కడికి నీరసంగా వస్తాదప్పా. సన్న తీగైతే ఆ మాత్రానికే మాడిపోతాది. దీనికి సీమ కుట్టినట్టు కూడా ఉండదు."

స్విచ్చు దించేసి, కంచె తీగ పీకి అవతల పారేశాడు. "తాళం నేదు. నాను ఆ సివర తీగ కలుపుతా స్తంభం పైనున్నప్పుడు మీ బావగారు మళ్లీ తీగ సుట్టి స్విచ్చెయ్యడమంటే సిటికెలో పని. నువ్వు ఇక్కణ్ణించి కదలకు. పనయ్యాక అప్పలసూరి బావ గడ్డి రాజేస్తాడు. పొగ లెగిస్తే నాను దిగినట్టే." అప్పలసూరిని వెంటబెట్టుకుని వెళ్లాడు. అన్నకి దూరంగా పని దొరికినందుకు అప్పలసూరి బతుకుజీవుడా అనుకున్నాడు.

అనుకున్నంతా అయింది. చేతిలో కొత్త కంచె తీగ ముక్కతో నరసింగరావు రానే వచ్చాడు. ఆమెని చూసి ఆగి, స్తంభంతో అన్నాడు.

"ఆడవోళ్లు కూకునే సోటు కాదని ఈ స్తంభానికి తెల్దా? నా అరిటి ఎండిపోతన్నాది."

నారాయణమ్మ కూడా అలవాటుకొద్దీ స్తంభానికే జవాబు చెప్పబోయింది. ఎద్దు గుర్తొచ్చింది. లేచి, కొంగు నడుముకి దోపి, ఆయన మొహంలోకి చూసింది.

"స్తంభానికి సెవుల్లేవు, నాతో సెప్పు. నా తమ్ముడు అక్కడ స్తంభమెక్కున్నాడు. నీ సెయ్యి ముందుకొస్తే సెయ్యుండదు."

నరసింగరావు బూతులు లంకించుకున్నాడు. "సిగ్గు నేదేటే? మీ ఎద్దు కళ్లు మూసుకుని నడిస్తే నాదా పాపం?"

"ఫీజు మాడాల. అది మాడనేదు, నా ఎద్దు మాడింది. నీ కంచె తీగ మాత్రం నిగనిగలాడతన్నాది, సూసుకో."

ఆయన తాటితోపు వైపు చెయ్యి చూపించాడు. "అదిగో పొగ. పనైపోనాది. లెగు అవతలికి."

నిజమే, తోపు వెనక పొగ లేస్తోంది. అది మొగుడు పెట్టిన పొగో, ఇంకెవరిదో? ఇంత దూరం నుంచి తెలిసే దారి లేదు. ఆమె అటు చూస్తున్న సందున నరసింగరావు ఒక చేత్తో పెట్టె తలుపు లాగి, రెండో చేత్తో తీగ లోపలికి పెట్టబోయాడు. కొడవలి ఖంగుమని తలుపు మీద పడింది, ఆయన వేళ్లకి పక్కనే. తీగ కింద పడింది.

"నీకు పిచ్చి పట్టినాది!"

"పట్టినాది. నా తమ్ముడొచ్చి నా కళ్ల ముందు నిలబడితే వొదులతాది."

ఒకరి మొహం ఒకరు కొరికేసేలా చూసుకుంటూ ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు. పొగ పలచబడి ఆగిపోయింది. చాలాసేపటికి గట్టు మీద లక్ష్ముడి సైకిలు కనిపించింది.

"పొగ పెట్టి ఇంతసేపు ఎక్కడున్నావురా?" అని అరిచింది.

"పొగేటి? బావ అగ్గిపెట్టె మర్సిపోనాడు, అందుకే నానే వచ్చాను. అది కుమ్మరోళ్లు కుండలు కాల్సిన పొగప్పా. అప్పటికి నాను తీగ పట్టుకునే ఉన్నాను."

నారాయణమ్మ చతికిలబడింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చింది. నరసింగరావు మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాకేటి తెలుసు" అని గొణిగాడు, మళ్లీ స్తంభంతోనే.

లక్ష్ముడు సన్న తీగ బిగించి స్విచ్చు ఎత్తాడు. మిగిలిన ఫీజు తీగ చుట్ట అతని చేతిలోంచి నారాయణమ్మ లాక్కుని కొంగున ముడేసుకుంది. ఏడుపు ఆగింది గానీ కోపం ఆగలేదు.

"నీ రెండు మోటార్లూ ఒక్కసారి ఏస్తే ఇది మాడతాది. మాడాల. మాడినప్పుడల్లా తీగ నా కాడుంటాది. మా ఇంటికి రా. గోడకి సెప్పకు. ఎద్దుని కట్టిన గుంజ కాళీగా ఉన్నాది. దాని పక్కన నిలబడి, నన్ను పేరెట్టి పిలిసి అడుగు."

ఆ సాయంత్రమే ఫీజు మాడింది. నరసింగరావు తమ్ముడి వాకిట్లోకొచ్చి, గుంజకి ఎడంగా నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"నారాయణమ్మా."

ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తలేదు.

"గుంజ పక్కన అన్నాను," అంది.