నొక్కని వేలు

మా బామ్మర్ది సలోమోను ముఖం రోజురోజుకీ ఎర్రబడుతుంటే, వ్యాపారం కలిసొచ్చి ఒళ్ళు చేశాడనుకున్నారు నూజివీడు మామిడి మార్కెట్లో. వాడూ అదే అనుకుని లాభం కింద జమ వేసుకున్నాడు. స్నానం చేస్తే ఒళ్ళంతా దురద, లేస్తే తలనొప్పి. వాటిని మాత్రం ఖర్చులో చూపలేదు.

మా ఆవిడ అమృతమ్మ పట్టుబట్టి తమ్ముణ్ణి బెజవాడ తీసుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. పరీక్షలు చూసి డాక్టర్ వినీల గారు చెప్పారు.

"రక్తం మరీ చిక్కబడిందండీ. గడ్డకడితే పక్షవాతం రావచ్చు. ఇవాళే ఒక బాటిల్ తీసేయాలి. తర్వాత రోజూ మాత్ర."

"తీసింది ఎవరికి ఎక్కిస్తారమ్మా?" అనడిగాడు సలోమోను.

"ఎవరికీ ఎక్కించం. పారేస్తాం."

సలోమోను లేచి నిలబడ్డాడు. "కాపు ఎక్కువైందని ఎవడైనా ఏడుస్తాడా? పద బావా, కోతలున్నాయి."

"కూర్చోరా. ఎర్రగా ఉన్నానని మురిసిపోయావుగా, ఇప్పుడు కోపానికి ఇంకా మెరుస్తున్నావు," అంది అమృతమ్మ.

వినీల గారు విసుక్కోలేదు. "రక్తం కావాలని కిడ్నీ నుంచి కబురు వస్తుందండీ. అలాంటి కబుర్లని సైటోకైన్లు అంటాం. ఎముకల్లోని మజ్జలో జాక్‌టూ అనే ప్రోటీన్ ఆ కబురు అందుకుని లోపలికి చేరవేస్తుంది. మీలో అది చెడిపోయింది. కబురు రాకపోయినా వచ్చిందనే చెబుతోంది."

"రాని కబురు ఎలా చెబుతుందమ్మా?" అని నవ్వాడు వాడు.

ఇక నేను దిగాల్సి వచ్చింది. మా దగ్గర పెద్ద బేరాలు నోటితో సాగవు. చేతుల మీద తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటాం. వాడి భుజం మీది తువ్వాలు లాగి ఇద్దరి చేతుల మీదా కప్పాను. వేలు కదపలేదు.

"ఖాయమేనా?" అన్నాను.

"ఏం నొక్కావని? ఒట్టి చేతికి సరుకు తోలడానికి నేనేమైనా పిచ్చోణ్ణా?"

"నీ జాక్‌టూ ఆ పిచ్చోడేరా. ఎవరూ నొక్కకుండానే ఖాయం, ఖాయం అని లారీలు నింపుతున్నాడు. ఏదో ఒక సందులో ఇరుక్కుంటాయి."

సలోమోను నవ్వు ఆగింది. "అలాంటి గుమాస్తాని ఆ పూటే పంపించేస్తాను."

"పంపించడానికి లేదండీ," అన్నారు వినీల గారు. "మాత్రతో జోరు తగ్గిస్తాం. ఈలోగా మీరు వారం వారం వచ్చి ఎక్కువైన సరుకు దింపించుకోవాలి."

వాడు తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "కోతల్లో కూడా రావాలా?"

"రావాలండీ."

చొక్కా చెయ్యి పైకి మడిచాడు. సూది దిగాక, రెండో చేత్తో ఆగిరిపల్లి తోట మేస్త్రీకి ఫోన్ చేశాడు.

"ఈ ఏడు కోత మా అక్క చూసుకుంటుంది."

"నన్నడిగావా?" అంది అమృతమ్మ.

"అడిగితే బేరమాడతావు."

"సరేలే. రేపు ఎండెక్కకముందే వస్తానని చెప్పు. నువ్వు ఆ చెయ్యి కదపకు."