ఎర్రగీత దగ్గర చెప్పులు

ఆ రోజు లోపలికి వెళ్ళినవి పదకొండు జతలు. ఆ లెక్క చెప్పులత్తది.

ఆపరేషన్ గది ముందు నేలమీద ఒక ఎర్రగీత ఉంటుంది. బయటి చెప్పులు గీతకు ఇవతల విడిచి, లోపలి రబ్బరు చెప్పులు తొడుక్కుంటే తప్ప ఎంతటివాడైనా గీత దాటకూడదు. ఆ రబ్బరు చెప్పులు కడిగి, ఆరబెట్టి, జత చేసి అందించే మనిషిని అందరం చెప్పులత్త అంటాం. మత్తులో ఉన్న మనిషికి తన చుట్టూ ఎంతమంది నిలబడ్డారో తెలియదు. చెప్పులత్తకు తెలుస్తుంది.

ఆ రోజు బల్లమీద పడుకున్నది ఒక టైలరమ్మ. పిత్తాశయంలో రాళ్ళు. నేను ఆ గదిలో ఆయాను, బండి పక్కనే నడుస్తున్నాను. గీత దాటేముందు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నువ్వూ లోపలే ఉంటావా?"

"ఉంటానమ్మా."

"నాకు కోతంటే భయం లేదు. తెలివి లేనప్పుడు ఒంటిమీద బట్ట ఎట్లా ఉంటుందోనని భయం. నేను లేచేదాకా దుప్పటి జరక్కుండా చూస్తావా?"

"చూస్తాలే పిచ్చిదానా, పడుకో" అన్నాను.

ఆమె కళ్ళు మూతపడ్డాయి. రాళ్ళు తీశారు, కుట్లు వేశారు. పని అయిపోయింది. అప్పుడు పెద్ద డాక్టరు తలుపువైపు చూసి "పిల్లల్ని రమ్మనండి" అన్నాడు. డాక్టరీ చదివే పిల్లలు వరసగా వచ్చారు. ఆమె జబ్బు పొట్ట పైభాగంలో. వాళ్ళు చేత్తో చూసి నేర్చుకోవాల్సింది అంతకంటే కింద. దానికీ ఆమె రాళ్ళకీ ఏ సంబంధమూ లేదు. ఆమెను ఎవరూ అడగలేదు. మెలకువగా ఉన్నప్పుడు అడిగితే ఒప్పుకోదని అందరికీ తెలుసు, అందుకే అడగలేదు.

"ఆయా, దుప్పటి" అన్నాడు పెద్ద డాక్టరు.

తీశాను. పన్నెండేళ్ళుగా తీస్తున్నాను. ఒకరి తర్వాత ఒకరు చేతితొడుగులు వేసుకుని ముందుకొచ్చారు. వెనక నిలబడ్డ ఒకడు ఏదో అన్నాడు, నలుగురు నవ్వారు. నేను గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం వార్డులో ఆమెకు తెలివి వచ్చింది. పెదవులు తడి చేస్తుంటే అడిగింది. "లోపల ఎవరెవరున్నారమ్మా?"

"ఎవరుంటారు? డాక్టరూ, మేమూ."

"దుప్పటి?"

"జరగలేదు."

ఆమె నవ్వింది. నవ్వి మళ్ళీ నిద్రపోయింది. నేను బయటికొచ్చి కుళాయి కింద మొహం పెట్టాను.

నెల తిరక్కుండా నా వంతు వచ్చింది. నాకు రక్తం ఆగడం లేదు. గర్భసంచి తీసేయాలన్నారు. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పన్నారు. నాలాంటిదానికి వేరే ఆసుపత్రి ఎక్కడిది? ఇదే గది, ఇదే బల్ల, ఇదే పెద్ద డాక్టరు. "మన ఆయాయే కదా, బుధవారం పెట్టండి. పిల్లలక్కూడా పనికొస్తుంది" అన్నాడు, నేను ఎదురుగా నిలబడి ఉండగానే.

ఆ మాట విన్నాక నాకు పని సాగలేదు. దుప్పట్లు మడతపెడుతుంటే అంచులు కలవలేదు. నిద్రపోవాలంటే భయం, కళ్ళు మూయాలంటే భయం. ఇంట్లో చెబితే మా ఆయన తేలిగ్గా తీసేశాడు. "తెలివుంటే గదా సిగ్గు? నీకు తెలియనే తెలియదుగా."

"నువ్వు గురకపెట్టి నిద్రపోతున్నప్పుడు వీధిలోవాళ్ళందర్నీ పిలిచి నీ ఒంటిమీద గుడ్డ లాగేసి చూపిస్తా. నీకూ తెలియదులే" అన్నాను.

లేచి కూర్చున్నాడు. ఒంటిమీద గుడ్డ సర్దుకున్నాడు.

మా మనుషులు చేరేది బట్టల గదిలో. ఉతికిన దుప్పట్ల గుట్టల మధ్య, ఆవిరి, సబ్బు వాసన. ఆ గది చూసుకునే అక్క తలుపు వేసింది. ఆయాలం ఐదుగురం, ఊడ్చేవాళ్ళు ముగ్గురు, చెప్పులత్త, రోగుల బండ్లు తోసే బండి బాబాయి. అందరం కాంట్రాక్టు మనుషులమే.

"బుధవారం నేను ఆ బల్లమీద పడుకోలేను" అన్నాను. టైలరమ్మ సంగతి మొత్తం చెప్పాను. నేనాడిన అబద్ధం కూడా చెప్పాను.

"పదకొండు జతలు. కడిగింది నేనే" అంది చెప్పులత్త.

"అయితే నీకూ తెలుసన్నమాట" అని ఎవరో అన్నారు.

"తెలుసు. నీకూ తెలుసు. ఈ గోడలకీ తెలుసు. మనం గోడలమా, మనుషులమా?"

బండి బాబాయి తల అడ్డంగా ఊపాడు. "కొండను ఢీకొంటే మన తలే పగులుద్ది. మనం నోరెత్తితే సూపర్‌వైజరు గేటు అవతల పడేస్తాడు. అయినా ఆడాళ్ళ విషయం, నన్నెందుకు పిలిచారు?"

"బాబాయ్, కిందటేడు నీకు వరిబీజం ఆపరేషనైంది కదా. ఎన్ని జతలు వెళ్ళాయో చెప్పనా?" అంది చెప్పులత్త.

బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. "చెప్పొద్దు" అన్నాడు. తర్వాత తనే అడిగాడు, "ఎన్ని?"

"తొమ్మిది."

ఆయన బట్టల మూట మీద కూర్చుండిపోయాడు. మరి లేవలేదు.

అప్పుడే తలుపు కిర్రుమంది. కళ్ళద్దాల పిల్ల, చదువుకునే పిల్లల్లో ఒకతె, గౌను కోసం వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఎంతసేపట్నుంచి వింటోందో. వెళ్ళి చెప్పిందంటే పొద్దుటికల్లా మాకు గేటు మూసేస్తారు.

"ఆ పదకొండు మందిలో నేనూ ఉన్నాను" అందా పిల్ల. "చెయ్యనంటే పరీక్షల్లో చూసుకుంటానన్నాడు పెద్ద డాక్టరు. ఆ రోజు నుంచీ నాకు అన్నం సహించట్లేదు." మళ్ళీ తనే అంది, కాస్త మొండిగా, "కానీ మేమూ నేర్చుకోవాలి కదా?"

"నేర్చుకో తల్లీ, ఎవరొద్దన్నారు?" అంది బట్టల గది అక్క. "మీరు నేర్చుకోకపోతే రేపు మా పిల్లల్ని ఎవరు చూస్తారు? అడిగి నేర్చుకోండి."

"అడిగితే వద్దంటారేమో."

"వద్దంటే వద్దు. అడగడమంటే అదే కదా? సరే, ఒకటి చెప్పు. పైఅంతస్తులో డబ్బు కట్టి పడుకునేవాళ్ళ దగ్గరికి మిమ్మల్ని ఎప్పుడన్నా పంపాడా?"

ఆ పిల్ల ఆలోచించింది. "లేదు" అంది.

"అదీ సంగతి."

చదువుకునే పిల్లలారా, ఆ "లేదు" అన్న ఒక్క మాట మీ పుస్తకాల్లో లేదు. మాకు మాత్రం బట్టల గదిలో ఆవేళ తెలిసొచ్చింది. పేదవాడి శరీరం వాళ్ళకు నల్లబల్ల. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చెరపొచ్చు.

దారి చూపింది చెప్పులత్త. "నాలుగేళ్ళ కిందట ఊడ్చే పిల్లొకతె రక్తం సీసా కోసం పరుగెత్తి బయటి చెప్పులతో గీత దాటింది. ఆ పూటే పని పీకించాడు పెద్ద డాక్టరు. చెప్పులు మార్చనివాళ్ళెవరూ లోపలికి రాకూడదని తనే బోర్డు రాయించాడు. ఆ బోర్డు ఇంకా ఉంది. చెప్పులు నా దగ్గరున్నాయి. పడుకున్న మనిషికి తన పేరు చెప్పి, లోపల ఏం చేస్తారో చెప్పి, ఆ మనిషి ఊ అంటేనే జత ఇస్తాను."

"పనిపోతే?" అంది ఊడ్చే ఆవిడ.

చెప్పులత్త తన చేతులు చాపింది. బ్లీచింగు నీళ్ళకు తెల్లగా ముడతలు పడ్డ చేతులు. "నాకూ భయమే. భయపడుతూనే చేద్దాం. భయం పోయాక చేద్దామంటే ఈ జన్మకు కాదు."

బుధవారం పొద్దున బండి మీద నేనున్నాను. పన్నెండేళ్ళలో ఆ వరండా పైకప్పును నేనెప్పుడూ చూడలేదు. దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. బాబాయి బండి తోస్తూ "నేనున్నాలే, నేనున్నాలే" అంటూనే ఉన్నాడు, నాకో, తనకో.

ఎర్రగీత దగ్గర చెప్పుల అర ఖాళీగా ఉంది. మా వాళ్ళు గోడవెంట నేలమీద కూర్చున్నారు. ఒక్కొక్కరి ఒడిలో నాలుగేసి జతలు.

పెద్ద డాక్టరు వచ్చాడు. వెనక పదిహేనుమంది పిల్లలు, వాళ్ళ వెనక సూపర్‌వైజరు.

"చెప్పులేవి?"

"పేషెంటుకు మీ పేరు చెప్పండి సార్. ఎవరెవరు లోపలికొస్తారో, ఏం చేస్తారో చెప్పండి. ఆమె ఒప్పుకుంటే ఇస్తాను" అంది చెప్పులత్త.

"చెప్పులు కడిగేదానివి నాకు చెబుతావా?"

"కడిగేదాన్ని గనకే తెలుసు సార్, ఎన్ని వెళ్ళాయో."

"రేపట్నుంచి ఒక్కరూ రావద్దు!" అని సూపర్‌వైజరు అరిచాడు. పెద్ద డాక్టరు బూటుకాలు ముందుకేశాడు. బండి బాబాయి గోడమీది బోర్డును గట్టిగా, కూడబలుక్కుంటూ చదివాడు. "చెప్పులు మార్చనివారు... ఎవరైనా సరే... లోపలికి రాకూడదు." వెనక పిల్లల్లో ఎవరో ఫక్కున నవ్వారు. కాలు గీతమీదే ఆగిపోయింది.

ఆయన నా వైపు తిరిగాడు. "వీళ్ళను లేవమను. లేకపోతే నీ ఆపరేషను వాయిదా. రక్తం కారి చస్తే నా పూచీ కాదు."

నా కింద దుప్పటి తడిగా ఉంది. చచ్చిపోతానని భయం. కళ్ళు మూశాక జరిగేదంటే అంతకంటే భయం. లేవమందామనే నోరు తెరిచాను, నిజం చెబుతున్నాను. కానీ ఆ టైలరమ్మ నవ్వు కళ్ళముందు నిలబడింది.

"మీకు పన్నెండేళ్ళు దుప్పట్లు తీసిచ్చాను సార్" అన్నాను. "నాది తియ్యడానికి మనిషి లేదు."

"మేం తియ్యం" అంది ఒక ఆయా. "మేం తియ్యం" అన్నారు మిగిలినవాళ్ళు.

పెద్ద డాక్టరు ఫోను తీసి పోలీసులను పిలుస్తూ వెళ్ళిపోయాడు. సూపర్‌వైజరు ఆయన వెనకే పోయాడు. అప్పుడు మత్తు ఇచ్చే డాక్టరమ్మ గోడపక్కనుంచి వచ్చి నా మీదికి వంగింది. తన పేరు చెప్పింది. "మత్తిచ్చేది నేను. మీరు లేచేదాకా తల దగ్గరే ఉంటాను." మొదటి జత ఆమెకు దక్కింది. చిన్న డాక్టరు, ఎప్పుడూ పెద్దాయన నీడలో నిలబడేవాడు, చాలాసేపు బూట్లవైపే చూసుకుని ఆఖరికి విప్పాడు. పేరు చెప్పాడు. "ఈ ఆపరేషను నాకు వచ్చు. అది తప్ప ఇంకేదీ జరగదు." ఇద్దరు నర్సులు, ఒక ఆయా కూడా పేర్లు చెప్పి జతలు తీసుకున్నారు. చివర కళ్ళద్దాల పిల్ల వచ్చింది. "నేను దూరంగా నిలబడి చూడొచ్చా?"

"దూరమెందుకు? నిద్రపట్టేదాకా చెయ్యి పట్టుకో" అన్నాను.

మిగతా పిల్లలు వచ్చినదారినే తిరిగిపోయారు. కొందరు మాత్రం పోకుండా మా వాళ్ళ పక్కన నేలమీద కూర్చున్నారు.

"ఆరు జతలు" అంది చెప్పులత్త, నా చెవి దగ్గర. "లేచాక అడుగు. అబద్ధం చెప్పను."

బండి గీత దాటుతుంటే మెట్లమీద పోలీసు బూట్ల చప్పుడు వినిపించింది. మొహం మీదికి మాస్కు వచ్చింది. నాకు భయం పోలేదు. భయంతోనే కళ్ళు మూశాను.

లేచేసరికి దుప్పటి మెడదాకా ఉంది, రెండు పక్కలా కిందికి దోపి ఉంది. "అత్తేది?" అన్నాను. కళ్ళద్దాల పిల్ల ఏడ్చి ఉంది. "ఆరేనని చెప్పమంది. పోలీసులు తీసుకెళ్ళారు. బట్టల గది అక్కనీ, బాబాయినీ కూడా. విధులకు ఆటంకమట. చెప్పులు కూడా గోతంలో వేసుకుపోయారు, సాక్ష్యమట."

మూడో రోజు టైలరమ్మ వచ్చింది. నా మంచం పక్కన నిలబడింది, కూర్చోలేదు.

"వీధంతా చెప్పుకుంటున్నారు. ఒక్కటే అడుగుతా. ఆ రోజు ఎంతమంది?"

వార్డంతా వింటోంది. "పదకొండు" అన్నాను.

"దుప్పటి?"

"నేనే తీశాను."

ఆమె ఏడవలేదు. వంగి నా దుప్పటి అంచు పట్టుకుంది. లాగేస్తుందనుకున్నాను. ఆ హక్కు ఆమెకుంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పాదాల దగ్గర జరిగిన దుప్పటిని ఆమె సరిచేసి, కిందికి దోపింది.

"క్షమించాననుకోకు" అంది. తర్వాత వార్డువైపు తిరిగింది. "ఇక్కడ మత్తుమందు తీసుకున్నవాళ్ళెవరు? మీకెన్ని జతలో తెలుసుకోవాలని లేదా? ఆ లెక్క తెలిసిన మనిషి స్టేషన్లో ఉంది."

ఒక చెయ్యి లేచింది. ఇంకోటి లేచింది. నడవగలిగినవాళ్ళు నడిచారు. నడవలేనివాళ్ళు తమ తేదీలు చెప్పి పంపారు.

తర్వాత సంగతి కళ్ళద్దాల పిల్ల చెప్పింది. సాయంత్రానికి స్టేషను ముందు వీధి చివరిదాకా వరస ఉందట. ఒక్కొక్కరూ వచ్చి తేదీ చెబుతుంటే, చెప్పులత్త ఊచల వెనకనుంచి గుర్తున్నంతవరకూ జవాబు చెబుతోందట. విన్నవాళ్ళెవరూ ఇంటికి పోలేదట. కాపలా కానిస్టేబులు అంతా విని, గొంతు తగ్గించి అడిగాడట. "మా ఆవిడది... కిందటి వేసవిలో, మే నెల మొదటి సోమవారం. కాలికి ఆపరేషను."

అత్త గుర్తుచేసుకుని లెక్క చెప్పిందట. ఆయన లాఠీ గోడకు ఆనించి అక్కడే చతికిలపడ్డాడట.

"లేచి మాతో నిలబడన్నా" అందట టైలరమ్మ. "వెనక ఇంకా చాలామంది ఉన్నారు."