ఒకే సైజు అక్షరాలు

మొదటి దెబ్బ కంప్యూటరు బల్ల మీద పడింది. టీ గ్లాసు పగిలి, పెళ్లికార్డుల నమూనాల మీద టీ ఒలికింది. రెండోది శివరామ్ చెంప మీద పడింది.

"ఏట్రా ఇది? కళ్లు తెరిసి సూడు!"

మురళీమోహన్ తన ఫోను శివరామ్ ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టాడు. అంత దగ్గర్నుంచి ఏ అక్షరమూ కనబడదు. శివరామ్ వెనక్కి జరగబోతే, వెనకాల నిలబడ్డ మురళీమోహన్ మనిషి ఢిల్లీశ్వరరావు మెడ పట్టుకుని మళ్లీ ముందుకి తోశాడు.

మిట్టమధ్యాహ్నం. బరంపురం పాత బస్టాండు వెనక సందులో జనం ఉన్నారు. పక్కనున్న జెరాక్సు కొట్టువాడు షట్టరు సగం దించేశాడు. ఎదురుగా పకోడీలు వేయించే ఒడియా మనిషి "కణ హెలా?" అని, ఏమైందో అడుగుతూ కేకేసి, గుమ్మం ముందు ఆగిన జీపునీ అందులోని మనుషుల్నీ చూసి, జవాబు రాకముందే పొయ్యివైపు తిరిగిపోయాడు.

మురళీమోహన్ ఎవరో శివరామ్‌కి బాగా తెలుసు. దిగపహండి దాటాక వచ్చే నువ్వులపేటలో బియ్యం మిల్లు వాళ్లది. తండ్రి శ్యామసుందరరావు ఆ ఊరి అమ్మోరు పోలమ్మ సంబరం కమిటీకి ప్రెసిడెంటు. సంబరం కార్డులు, ఫ్లెక్సీలు ఏళ్లుగా శివరామ్ దగ్గరే అచ్చవుతున్నాయి. ఈ ఏడు వాటితో పాటు వెబ్‌సైటు కూడా కావాలన్నారు. పన్నెండు వేలకి బేరం కుదిరింది. చెంప ఇంకా మండుతుండగానే శివరామ్ లెక్క వేసుకున్నాడు. ఈ ఊరి నుంచి వచ్చే పని ఏడాదికి అరవై వేలు. చెంపదెబ్బ పట్టుకుని స్టేషనుకి వెళ్తే వచ్చేది ఏమీ లేదు, పోయేది ఆ అరవై. ఊరుకోవడమే లాభం.

"తప్పేటైనా ఉంటే సెప్పండి బాబూ. ఇప్పుడే దిద్దించేస్తాను."

"తప్పేటో నీకు కనపడ్నేదా? మా నాన్న పేరు సూడు. కిందకి దిగి ఆ పైడిగాడి పేరు సూడు. రెండూ ఒక్క సైజు!"

శివరామ్ చూశాడు. నిజమే. రెండూ ఒక్క సైజు.

కార్డు మీద అలా ఉండదు. ప్రెసిడెంటు పేరు బొటనవేలంత లావు అక్షరాల్లో, బంగారు రంగులో, తీగలు చుట్టిన ఫాంటులో ఉంటుంది. ఒక మెట్టు దిగి కమిటీ సభ్యులు. ఆ తర్వాత చందాదారులు, ఇచ్చినదాన్ని బట్టి. పూజారి, సన్నాయి మేళం, దీపాలవాళ్లు, వంటవాళ్లు. అట్టడుగున, కార్డు అంచుకి ఆనుకుని, చీమల బారులాంటి వరస ఒకటి. డప్పులు: పైడయ్య, కింది వీధి. ఎవరి అక్షరం ఎంత లావుండాలో శివరామ్‌కి ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. పాత కార్డు ముందు పెట్టుకుని కొత్త కార్డు వేయడమే.

వెబ్‌సైటుకి ఆ పాత కార్డు పనికిరాలేదు. తొమ్మిది వేల జీతానికి అతని దగ్గర పనిచేసే విజయకుమారి మొదటిరోజే ఆ మాట చెప్పింది. కార్డు ఫాంటు మన కంప్యూటర్లో ఉంటే చాలదు, చూసేవాళ్ల ఫోనుకి పేజీతో పాటు ఫాంటూ వెళ్లాలి. ఆ తీగల ఫాంటుని అలా పంపాలంటే దాన్ని తయారుచేసిన కంపెనీకి విడిగా డబ్బు కట్టాలి. పైగా లావు అక్షరాలకొక ఫైలు, సన్నవాటికొక ఫైలు. ఎన్ని రకాలు వాడితే పేజీ అంత బరువు. నువ్వులపేటలో సిగ్నలు ఒక గీత ఉంటే గొప్ప. అక్షరాలు వచ్చేలోపు చూసేవాడు విసిగి మూసేస్తాడు.

శివరామ్ అక్కడికక్కడే తేల్చేశాడు. "ఉచితంగా దొరికే తెలుగు ఫాంటు ఒకటి సూడమ్మా. ఒక్క రకం, ఒక్క సైజు. వత్తులు ఒకదాన్నొకటి తొక్కకుండా వరసకీ వరసకీ మజ్జిన జాగా ఒగ్గు. ముసలోళ్ల ఫోన్లలో కూడా కనపడాల. అంతే."

అందులో ఎవరినీ పైకెత్తాలన్న ఆలోచన లేదు, ఎవరినీ కిందకి దించాలన్న ఆలోచనా లేదు. ఖర్చు తగ్గింది, పేజీ చటుక్కున తెరుచుకుంది. శివరామ్ దానికే సంతోషించాడు.

నిన్న సాయంత్రం సైటు అందరికీ తెరిచారు. పైడయ్య కూతురు అమ్ములు ఆ పేజీని ఫోటోగా తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంది. కింద మాటేమీ రాయలేదు, దండం బొమ్మ ఒకటి పెట్టింది. పొద్దున పై వీధి టీకొట్టు దగ్గర ఎవడో దాన్ని చూపించి, "ప్రెసిడెంటు గారూ డప్పుల పైడిగాడూ జోడీ కట్టినారేటి!" అని నవ్వాడు. ఆ నవ్వు మిల్లు దాకా వెళ్లింది. అక్కణ్నుంచి కర్రలతో కింది వీధికి వెళ్లింది.

"ఆడ్ని దింపు" అన్నాడు మురళీమోహన్.

జీపు వెనకనుంచి ఇద్దరు ఒక మనిషిని దించి, కొట్లోకి నెట్టారు. అతను గుమ్మం దగ్గర పడి, గోడ పట్టుకుని లేచాడు. యాభై దాటిన మనిషి. చొక్కా వీపు మీద రెండుగా చిరిగి ఉంది, చిరుగులో కర్ర వాతలు ఉబ్బి ఉన్నాయి. ఎడమ కన్ను మూసుకుపోయింది. పెదవి చిట్లి, రక్తం గడ్డం మీద ఎండిపోయింది. పైడయ్య. శివరామ్ అతని పేరు ఏటా అచ్చువేస్తాడు గాని మనిషిని చూడటం అదే మొదటిసారి.

శివరామ్ కళ్లు అలవాటు కొద్దీ దెబ్బల్ని లెక్కకట్టాయి. వీపు, మొహం, మోకాళ్లు. చేతుల మీద ఒక్క గీత లేదు. ఎందుకో అప్పుడు అర్థమైంది. సాయంత్రం అమ్మోరి ఘటం ఊరేగింపుకి లేవాలి. డప్పు మోగందే ఘటం లేవదు. కాబట్టి చేతులు వదిలేసి మిగతా ఒళ్లంతా కొట్టారు. పని పాడవకుండా చూసుకున్నారు.

"ఢిల్లీ, ఫోను తియ్యి. వీడియో పట్టు" అన్నాడు మురళీమోహన్. "ఒరే పైడిగా, సెప్పరా. జీపులో ఏటి సెప్పించినాను?"

పైడయ్య నోరు విప్పితే పెదవి మళ్లీ పగిలింది. "నా పేరు... పెద్దలతో సమానంగా పడిపోనాదండి. అది నాకు తగదండి. సిన్నది సెయ్యండి తల్లీ."

ఆ తల్లీ అన్న పిలుపు విజయకుమారికి. ఆమె మూలనున్న కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఇంతసేపూ కదల్లేదు. తండ్రి ఖుర్దా రోడ్డులో రైల్వే ఉద్యోగి, తల్లి బడి టీచరు. ఇంట్లో ఆమె మీద ఎవరూ చెయ్యెత్తలేదు. మనిషిని మనిషి కర్రతో కొడితే ఒంటి మీద ఇలా ఉంటుందని ఇప్పుడే చూస్తోంది.

"విన్నావేటమ్మా? ఆడే అడుగుతున్నాడు" అన్నాడు మురళీమోహన్.

"మీ కమిటీ పేర్లు పెద్దవి చేస్తానండి" అంది విజయకుమారి. "ఇంకో ఫాంటు తెస్తాం. బంగారు రంగు వేస్తాను. ఆయన పేరు అలా ఉండనివ్వండి."

"మేం పెద్దవడం కాదే. ఆడు సిన్నవ్వాల."

విజయకుమారి శివరామ్ వైపు చూసింది. శివరామ్ చూపు తిప్పుకున్నాడు. "సెయ్యమ్మా. రెండు అంకెలు మారిస్తే అయిపోద్ది. మనకేటి?"

ఆమె మార్చింది. పదహారున్న చోట పద్నాలుగు. మురళీమోహన్ ఫోనులో పేజీ మళ్లీ తెరిచాడు. "ఇంకా."

పన్నెండు. "ఇంకా."

పది. పైడయ్య అన్న పేరులో 'య' కింద వత్తు పై అక్షరానికి అంటుకుపోయింది. "ఇంకా తగ్గించు. రంగు కూడా బూడిద సెయ్యి."

ఎనిమిది. తెల్లటి పేజీ మీద బూడిదరంగు మరక తప్ప పేరేదీ కనబడలేదు. ఢిల్లీశ్వరరావు వంగి చూసి, "నల్లి పాకినట్టుంది బాబూ" అని నవ్వాడు. జీపు మనుషులిద్దరూ నవ్వారు. పైడయ్య ఒంటికన్నుతో పెద్ద తెర వంక చూస్తూ నిలబడ్డాడు.

మురళీమోహన్‌కి ఏదో అనుమానం వచ్చింది. ఫోను అద్దం మీద రెండు వేళ్లు పెట్టి విడదీశాడు. బూడిద మరక ఉబ్బింది. ఇంకా విడదీశాడు. పైడయ్య అన్న పేరు అద్దం నిండా పరుచుకుంది, వత్తుతో సహా.

"ఇదేటి, మళ్లీ పెద్దదవుతోంది!"

"వేళ్లతో లాగితే అవుతుందండి."

"అవకూడదు. ఆ అమ్ములు గుంట మళ్లీ లాగి పెద్దది సేసుకుని ఊరంతా తిప్పుద్ది. అవకుండా సెయ్యి."

"నేను పేజీలో వద్దని రాయగలనండి. చాలా ఫోన్లు ఆ మాట వినవు. చూపు ఆననివాళ్లు కూడా చదువుకోవాలని అలా చేశారు. ఎంత పెద్దది చేసుకోవాలో చూసేవాళ్ల చేతిలో ఉంటుంది."

"ఎదురు సెప్తున్నావేటే!"

అతని చెయ్యి ఆమె జడ అందుకుంది. తల వెనక్కి విరిగి, కుర్చీ పక్కకి ఒరిగింది. శివరామ్ లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక ఏం చెయ్యాలో తెలియలేదు.

"తీసెయ్యి తల్లీ" అన్నాడు పైడయ్య.

గొంతు పెద్దదేమీ కాదు. అయినా మురళీమోహన్ చెయ్యి ఆగింది.

"ఏట్రా?"

"పేరు తీసెయ్యమంటన్నానండి. అంత సిన్నది సేసినా బాబుగారి కంట్లో పడతన్నాది కదండి. అసలే ఒద్దు." పైడయ్య గోడ వదిలి తిన్నగా నిలబడటానికి ప్రయత్నించాడు. "పేరుతో పాటు నన్నూ తీసేయండి. నాను వాయించనండి."

మురళీమోహన్ జడ వదిలేసి అతని వైపు తిరిగాడు. "ఏటన్నావు?"

"వాయించనండి."

కాలు పొట్టలో దిగింది. పైడయ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఊపిరి అందాక అదే మర్యాదతో, "వాయించనండి బాబూ" అన్నాడు.

ఈసారి భుజం మీద తన్నాడు. పైడయ్య తల బల్ల అంచుకి కొట్టుకుంది. "రోజుకి నాలుగొందలు, రెండు పూట్లా కూడు. తిని బలిసినారు! వీధి తగలెట్టేస్తాను. ఒక్క కప్పు మిగల్దు!"

"తగలెట్టండి. వాయించనండి."

"ఢిల్లీ, వీడియో ఆపు!"

ఢిల్లీశ్వరరావు మొహం పాలిపోయింది. "బాబూ... ఊరి గ్రూపులో అందరూ సూడాలన్నారు కదా అని మొదట్నుంచీ లైవు పెట్టేసినాను. కింది వీధోళ్లు కూడా సూస్తన్నారు."

మురళీమోహన్ ఫోను లాక్కుని ఆపాడు. దాంతోనే కింది వీధిలో ఇంకొక డప్పుల మనిషికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మరొకడికి చేశాడు. ఎత్తి, ఏమీ మాట్లాడకుండా పెట్టేశారు. ఇంతలో తన జేబులో ఫోను మోగింది. తండ్రి. గొంతు గదిలో అందరికీ వినబడింది.

"ఒరే మురళీ, పూజారి తొందర పెడుతున్నాడు. డప్పు బయల్దేరిందా, నేదా?"

అతను ఫోను కట్ చేశాడు.

విజయకుమారి కుర్చీ సరిచేసుకుని కూర్చుంది. జడ సర్దుకోలేదు. బూడిద మరకని ఎంచుకుని చెరిపేసింది. రంగు మళ్లీ నలుపు చేసింది, సైజు పదహారు చేసింది. పేజీలో 'డప్పులు' అన్న మాట ప్రెసిడెంటు పేరంత స్పష్టంగా వచ్చి నిలబడింది. దాని పక్కన ఖాళీ.

"ఆ ఖాళీ ఏటి? ఊరంతా సూసి నవ్వుద్ది. ఎవుడిదో పేరెట్టు!" అని అరిచాడు మురళీమోహన్.

"ఎవరి పేరు పెట్టమంటారండి?" అంది విజయకుమారి.

మురళీమోహన్ ఢిల్లీశ్వరరావు వైపు చూశాడు. ఢిల్లీశ్వరరావు వెనక్కి అడుగేశాడు. "నా పేరేటి బాబూ, నాకు పెళ్లికెదిగిన సెల్లెలుంది." జీపు మనుషులు ఒకరినొకరు చూసుకుని గుమ్మం బయటికి జరిగారు.

శివరామ్ నేల మీదున్న పైడయ్య చంకల కింద చేతులేసి లేపి, తన కుర్చీలో కూర్చోబెట్టాడు. అరచేతికి రక్తం అంటింది. అది తుడుచుకోకుండానే, వచ్చి విజయకుమారి కుర్చీకీ మురళీమోహన్‌కీ మధ్య నిలబడ్డాడు. అరవై వేల పని పోయింది. ఈ సందులో కొట్టు మిగులుతుందో లేదో. ఇంకా ఏమేం పోతాయో లెక్క వేయబోయి, మధ్యలో మానేశాడు.

"పేరు సెప్పండి బాబూ" అన్నాడు. "సెప్పిన పేరు, సెప్పిన సైజులో ఏస్తాం. బంగారు రంగేస్తాం. తమరిదైనా సరే."

'డప్పులు' పక్కన సన్నటి నిలువు గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. మురళీమోహన్ ఇనప స్టూలు కాళ్లు పట్టుకుని పైకెత్తాడు. శివరామ్ పక్కకి తప్పుకోలేదు.